కుక్కపిల్ల కంచంలో వందేళ్ళ చరిత్ర

లాబ్రడార్ పిల్లనో, గ్రేట్ డేన్ పిల్లనో ఇంటికి తెచ్చిన వారం లోపు మూడు సలహాలు ఎలాగూ వచ్చేస్తాయి. "పెరుగన్నం పెట్టండి, మా ఊళ్ళో కుక్కలన్నీ అదే తిని పెరిగాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు. "ఎముకల్లేని చికెన్, అన్నం కలిపి ఉడకబెట్టు, అంతకంటే బలం ఏముంది" అని పక్క ఫ్లాటాయన. "పెద్ద జాతి కదండీ, కాళ్ళు గట్టిపడాలంటే రోజూ కాల్షియం సిరప్ పోయాల్సిందే" అని కుక్కల తిండి అమ్మే కొట్టువాడు. ముగ్గురూ మంచికే చెప్తారు. తమాషా ఏంటంటే, ఈ మూడు సలహాలకీ దగ్గరగా ఉండే తిళ్ళని జంతువుల మీద పరీక్షించి చూసిన చరిత్ర ఉంది. అది కుక్కల చరిత్రే కాదు, మన పిల్లల ఎముకల చరిత్ర కూడా.

కాస్త వెనక్కి వెళ్దాం. రికెట్స్ అనే జబ్బు గురించి ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1650లోనే పెద్ద పుస్తకం రాశాడు. పెరిగే వయసులో ఎముకలు మెత్తబడి, కాళ్ళు దొడ్డిగా వంగిపోతాయి. ఫ్యాక్టరీల పొగ కమ్మేసిన ఊళ్ళలో ఇది పేదపిల్లల జబ్బుగా స్థిరపడిపోయింది. ఎందుకొస్తుందో మాత్రం 20వ శతాబ్దం మొదలయ్యేదాకా తేలలేదు.

మొదటి మంచి క్లూ లండన్ జంతు ప్రదర్శనశాలలో దొరికింది. అక్కడ సింహం పిల్లలు వరసగా రికెట్స్ తో చచ్చిపోతుండేవి. వాటికి పెడుతున్నది ఎముకల్లేని గుర్రం మాంసం. 1889లో జాన్ బ్లాండ్-సటన్ అనే సర్జన్ ఆ మాంసానికి పొడి కొట్టిన ఎముకలు, పాలు, కాడ్ చేప కాలేయపు నూనె కలిపి పెట్టమన్నాడు. పిల్లలు కోలుకున్నాయి. ఎముకల్లేని చికెన్, అన్నం పెట్టే మా పక్క ఫ్లాటాయన దగ్గరికి ఇక్కడ ఒకసారి వద్దాం. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. అన్నంలోనూ అంతే. సింహం పిల్లల మెనూకి కాస్త అన్నం కలిపితే వచ్చేది అదే. రక్తంలో కాల్షియం తగ్గనివ్వకుండా శరీరం ఎముకల్లోంచి అప్పు తెచ్చుకుంటుంది, ఎముకలు గుల్లబారతాయి.

సింహాల కథ చూశాకైనా అందరూ తిండి వైపు చూడాలి కదా? చూడలేదు. 1908లో గ్లాస్గోలో లియొనార్డ్ ఫిండ్లే అనే డాక్టరు కుక్కపిల్లలని కదలనీయకుండా బంధించి ఉంచాడు, వాటికి రికెట్స్ వచ్చింది. కాబట్టి కారణం వ్యాయామం లేకపోవడం, ఇరుకు ఇళ్ళు అని తేల్చేశాడు. గ్లాస్గో వాళ్ళు ఈ మాట మీద చాలా ఏళ్ళు నిలబడ్డారు. ప్రొడక్షన్లో బగ్ వస్తే నెట్వర్క్ టీము డేటాబేస్ ని, డేటాబేస్ టీము నెట్వర్క్ ని చూపించే సీను మనకి కొత్తేం కాదు.

అప్పుడొచ్చాడు ఎడ్వర్డ్ మెలన్బీ. లండన్లో కింగ్స్ కాలేజ్ ఫర్ విమెన్ లో పనిచేసేవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వపు మెడికల్ రీసెర్చ్ కమిటీ రికెట్స్ సంగతి తేల్చమని ఈయనకి అప్పగించింది. ఈయన చేసిన పని చూస్తే మన క్యూఏ వాళ్ళకి ముచ్చటేస్తుంది. కుక్కపిల్లలని ఇంటి లోపలే ఉంచి, అందరికీ ఒకే రకం మూల ఆహారం పెట్టాడు. మొదట్లో పాలు, బియ్యం, ఓట్స్, కాస్త ఉప్పు. తరవాత వెన్న తీసిన పాలు, తెల్ల బ్రెడ్డు, అవిసె నూనె, ఈస్టు, కమలాపండు రసం. ఈస్టు, పండ్ల రసం ఎందుకంటే, అప్పటికి తెలిసిన మిగతా విటమిన్ల లోపం ఈ లెక్కలో కలవకుండా. ఈ తిండి మీద పిల్లలకి కొన్ని నెలల్లోపే రికెట్స్ వచ్చేది. ఆ తరవాత ఒక్కొక్క పదార్థాన్నే మార్చుకుంటూ వెళ్ళాడు. ఎక్స్ రేలు తీశాడు, ఎముకల్లో కాల్షియం ఎంతుందో కొలిచాడు.

అవిసె నూనె తీసేసి కాడ్ లివర్ ఆయిల్ ఇస్తే రికెట్స్ రాలేదు. వెన్న ఇచ్చినా చాలావరకు ఆగింది. గింజల నూనెలు దాదాపు దేనికీ పనికిరాలేదు. అంటే కొవ్వు ఒక్కటే చాలదు, కొన్ని కొవ్వుల్లో మాత్రమే ఉండే ఇంకేదో కావాలి. 1919లో ఈ ఫలితాలు లాన్సెట్ లో వచ్చాయి. ఆ "ఇంకేదో" బహుశా విటమిన్ ఎ, లేదా దానితో పాటే ఉండే ఇంకోటి అని రాశాడు. ఆ రెండో మాటే నిజమైంది. 1922లో అమెరికాలో మెక్కాలమ్ బృందం కాడ్ లివర్ ఆయిల్ ని వేడిచేస్తూ గాలి పంపి అందులో విటమిన్ ఎ ని నాశనం చేసింది. మిగిలిన నూనె ఎలుకల్లో రికెట్స్ ని ఇంకా నయం చేస్తూనే ఉంది. అదీ విటమిన్ డి.

మెలన్బీ గమనించిన ఇంకో విషయం, తిండిలో గింజలు ఎంత పెరిగితే రికెట్స్ అంత ముదిరేది. అందులో ఓట్స్ మరీ ఘోరం. బలవర్ధకం అని పిల్లలకి ఓట్స్ జావ పోసే దేశంలో ఈ మాట ఎవరికి రుచిస్తుంది? గింజల్లోని ఫైటిక్ ఆసిడ్ కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనీయదని ఆయనే తరవాత, 1930లలో, చూపించాడు.

ఇంతలో ఇంకో మెలిక. 1919లోనే బెర్లిన్లో హుల్డ్ షిన్స్కీ అనే డాక్టరు అతినీలలోహిత దీపం వెలుగులో ఉంచి పిల్లల రికెట్స్ తగ్గించాడు. మరి తిండా, ఎండా? యుద్ధం తరవాత వియన్నాలో హ్యారియెట్ చిక్ బృందం పసిపిల్లల మీద చూసి రెండూ నిజమేనని తేల్చింది. నూనె ఇచ్చినా తగ్గుతుంది, ఎండ తగిలినా తగ్గుతుంది. ఎండ తగిలితే మన చర్మమే విటమిన్ డి తయారు చేసుకుంటుంది కాబట్టి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా, 1994లో బయటపడింది. నెదర్లాండ్స్ లో ఉట్రెక్ట్ వాళ్ళు తేల్చిందేంటంటే, కుక్క చర్మం ఎండలో సరిపడా విటమిన్ డి తయారు చేసుకోలేదు. పిల్లి కూడా అంతే. అది తిండిలోంచే రావాలి. అంటే మెలన్బీ తెలియకుండానే, ఎండ గొడవ లేని జంతువుని ఎంచుకున్నాడు! ఫిండ్లే కుక్కల కాళ్ళు వంగింది కూడా గొలుసు వల్ల కాదు, గిన్నె వల్లేనని నా అనుమానం. "బాల్కనీలో ఎండ బాగా తగుల్తుంది కదా" అని ధీమాగా ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మధ్యలో మన భీమవరం ముచ్చట ఒకటి. రికెట్స్ ఉందా లేదా చూడటానికి రక్తంలో ఫాస్ఫరస్ కొలవాలి. దానికి తేలికైన పద్ధతి 1925లో హార్వర్డ్ నుంచి వచ్చింది, పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. అవును, ఆ సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావే.

ఇక్కడిదాకా కథంతా "తక్కువైతే ఏమవుతుంది" అని. మనుషులు కదా, తక్కువైతే చెడు అంటే ఎక్కువైతే ఇంకా మంచిది అనుకున్నారు. ఈలోగా కుక్కల తిండి పెద్ద వ్యాపారమైపోయింది. 1860 ప్రాంతంలో పిడుగుల నుంచి కాపాడే కడ్డీలు అమ్ముకుందామని లండన్ వెళ్ళిన జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్, రేవులో కుక్కలు ఓడల బిస్కెట్లు తినడం చూసి కుక్క బిస్కెట్ల కంపెనీ పెట్టాడన్నది ప్రసిద్ధమైన కథ. 1922లో డబ్బాల్లో గుర్రం మాంసం, రెండో ప్రపంచయుద్ధంలో రేకు కరువై పొడి తిండి, 1957లో ప్యూరినా వాళ్ళ ఉబ్బిన గుళికలు. ఇవాళ సంచీలో వచ్చేవి ఆ చివరి దాని వారసులే.

1974లో అమెరికాలో కార్నెల్ లో హెడ్ హామర్ బృందం గ్రేట్ డేన్ పిల్లలని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి మంచి పుష్టికరమైన తిండి తిన్నంత, రెండో జట్టుకి అందులో మూడింట రెండొంతులు. తిన్నంత తిన్నవి వేగంగా పెరిగాయి, ఎముకలూ కీళ్ళూ పాడైంది వాటికే. 1985లో ఉట్రెక్ట్ లోనే హేజ్వింకెల్ బృందం గ్రేట్ డేన్ పిల్లలకి మామూలుకి మూడు రెట్లు కాల్షియం పెట్టి చూసింది. కాళ్ళు గట్టిపడలేదు సరికదా, ఎముకల పెరుగుదలే దెబ్బతింది. కారణం సింపుల్. పెద్ద కుక్క పేగు, అక్కర్లేని కాల్షియాన్ని వద్దంటుంది. చిన్న పిల్ల పేగుకి ఆ వాల్వు ఇంకా సరిగ్గా పనిచేయదు, పోసిందంతా లోపలికి లాగేసుకుంటుంది. సిరప్ సలహాకి ఇదీ జవాబు. పిల్లల కోసమని రాసి ఉన్న మంచి తిండిలో కాల్షియం ముందే లెక్కవేసి కలిపి ఉంటుంది. దాని మీద సిరప్ పోస్తే ఆ లెక్క తప్పుతుంది. పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకి పొడి లెక్కన 1.8 శాతానికి మించి కాల్షియం ఉండకూడదని అమెరికాలో ఆఫ్కో 2016లో నియమం కూడా పెట్టింది. సంచీ వెనక కాల్షియం ఎంతో చూడ్డానికి అర నిమిషం పడుతుంది.

ప్యూరినా వాళ్ళే 48 లాబ్రడార్లని జతలు చేసి, ఎనిమిదో వారం నుంచి జీవితాంతం ఒకదానికి జతలోని రెండోదానికన్నా 25 శాతం తక్కువ పెట్టారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కుక్కల తిండి అమ్ముకునే కంపెనీయే తక్కువ పెట్టమని తేల్చడం నాకు భలే నచ్చింది.

ఇక మిగిలింది పెద్దవాళ్ళ పెరుగన్నం. ఊళ్ళో కుక్క పెరుగన్నంతో ఆగలేదండీ. చేప తలకాయలు, కోడి పేగులు, ఎముకలు, ఎలకలు, ఇంకా మనం అడక్కూడనివి ఎన్నో తిన్నది. అవన్నీ ఎవరూ లాగ్ రాసుకోలేదు. ఎనిమిదో అంతస్తులో ఉన్న పిల్లకి ఆ సైడ్ బిజినెస్ లేదు, మనం గిన్నెలో వేసిందే దాని ప్రపంచం. పెరుగన్నం అప్పుడప్పుడు పెడితే తంటా లేదు. అదొక్కటే పెడితే మాత్రం మెలన్బీ మొదటి మెనూ, పాలూ బియ్యమూ, గుర్తు తెచ్చుకోండి. ఇంటి వంటే పెడతానంటే పశువుల డాక్టరు దగ్గర కూర్చుని, పిల్ల బరువుకీ జాతికీ తగ్గట్టు కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి లెక్క రాయించుకుని మొదలుపెట్టండి.