జేజి పాటలు, నాలుగు మీటలు

ఆళ్లగడ్డలో మా పుట్టింట్లో ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. మా జేజి పాడిన గొబ్బి పాటలు, దంపుడు పాటలు, పెళ్లి పాటలు మా నాయన అందులో రాసిపెట్టుకున్నాడు. జేజి పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాయనకు చూపు మందగించి తన రాత తనకే కనబడటం లేదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "పెద్దక్షరాలతో కొట్టించి తేమ్మా, ఇంకోసారి సదువుకుంటా" అన్నాడు.

ఎవరితోనో కొట్టించడమెందుకు, నేనే కొడదామనుకున్నాను. ఇంటర్ సెలవుల్లో టైపు లోయర్ పాసైనదాన్నే కదా! ఆ సర్టిఫికెట్ పెళ్లయి నంద్యాలకొచ్చాక బీరువాలోంచి బయటికి రాలేదు, అది వేరే మాట. మా అమ్మాయి వదిలేసి వెళ్లిన కంప్యూటర్‌లో రోజూ మధ్యాహ్నం వంటపని అయ్యాక కూర్చుని, నెలకు ఇరవై మూడు పాటలు కొట్టాను.

ఒకరోజు అక్షరాలు పెద్దవి చేద్దామని కంట్రోల్ ఎ నొక్కాను. అది నొక్కితే ఉన్నదంతా ఒకేసారి ఎంపికవుతుంది. ఇంతలో కుక్కర్ కూత పెట్టింది. లేచి స్టవ్ కట్టేసి వచ్చి, ఏం చేస్తున్నానో మరిచిపోయి తరువాతి పాట మొదటి అక్షరం కొట్టాను. అంతే. ఇరవై మూడు పాటలూ పోయాయి. తెల్లటి పేజీ మీద 'క' ఒక్కటే మిగిలింది.

చేతులు చల్లబడ్డాయి. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, ఇంకేమీ ముట్టుకోకు. కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టు" అంది. కొట్టాను. పాటలన్నీ తిరిగొచ్చాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మీటను ఇక్కడ పెట్టిన మహానుభావుడెవరో తెలుసుకోవాలనిపించింది. వెతికి చదివితే, మనబోటి వాళ్లకు సంబంధించిన చరిత్రే అందులో ఉంది.

ముందు టైపు మిషన్ సంగతి. అమెరికాలో షోల్స్ అనే ఆయన, ఆయన సహచరులు 1868లో దానికి పేటెంటు తీసుకున్నారు. 1874లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. మొదటిదాంట్లో పెద్దక్షరాలే ఉండేవి. 1878లో వచ్చిన రెండో మోడల్‌లో ఒకే మీటతో చిన్నక్షరం, పెద్దక్షరం రెండూ పడేలా చేశారు. అందుకోసం ఒక మీట నొక్కితే కాగితం ఉన్న బండి కాస్త జరిగేది. షిఫ్ట్ అంటే జరగడమే. ఇప్పుడు కంప్యూటర్‌లో ఏదీ జరగదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

టైపు మిషన్ మీద తప్పు పడితే తప్పే. రబ్బరుతో రుద్దితే కాగితం చిరిగేది. మా ఆళ్లగడ్డ శిల్పులకు తెలుసు ఈ బాధ. ఉలి దెబ్బ ఒకటి ఎక్కువ పడితే దేవుడి ముక్కు మళ్లీ అతకదు. అందుకే మా టైపు మాస్టారి బెత్తం వేళ్ల మీద ఉండేది.

తరువాతి కథ కాలిఫోర్నియాలోది. అక్కడ పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ బ్రావో అనే రాత ప్రోగ్రాం తయారుచేశారు. దాంట్లో ఒక చిక్కు ఉంది. ఒక స్థితిలో మీట నొక్కితే అక్షరం పడుతుంది, ఇంకో స్థితిలో అదే మీట ఆజ్ఞ అయిపోతుంది. ఎవరైనా మరిచిపోయి 'ఎడిట్' అన్న ఇంగ్లీషు మాట కొట్టారనుకోండి. ఇ అంటే మొత్తం ఎంపిక, డి అంటే చెరిపెయ్, ఐ అంటే కొత్తది చేర్చు, చివరి టి మాత్రం అక్షరంగా పడేది. రాసిందంతా పోయి టి ఒక్కటే మిగిలేది. ఇది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా 'క'కు అక్క అక్కడ ఎప్పుడో పుట్టింది!

ఈ పద్ధతి మార్చాలని పట్టుబట్టినవాడు లారీ టెస్లర్. ఆయన ఒక పని చేశాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక సెక్రటరీ అమ్మాయిని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి, "ఇక్కడ రాత ఉందనుకో, నువ్వు ఎలా దిద్దుతావు?" అని అడిగాడు. ఆమె చెప్పినట్టే యంత్రాన్ని మలచాలన్నది ఆయన ఆలోచన. ఆయన, టిమ్ మాట్ కలిసి 1975 నాటికి జిప్సీ అనే ప్రోగ్రాం తయారుచేశారు. అది పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలోని ఎడిటర్ల కోసం. వాళ్లు కాగితాన్ని కత్తెరతో కత్తిరించి జిగురుతో వేరేచోట అంటించేవాళ్లు. కట్, పేస్ట్ అన్న పేర్లు ఆ కత్తెర, ఆ జిగురువే.

తరువాత టెస్లర్ ఆపిల్ కంపెనీకి వెళ్లాడు. 1983లో వచ్చిన లీసా కంప్యూటర్‌లో ఈ పనులకు జెడ్, ఎక్స్, సి, వి మీటలు పెట్టారు. నాలుగూ కింది వరుసలో ఎడమ పక్కన ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కత్తిరించడానికి ఎక్స్, అంటే కొట్టివేత గుర్తు. నకలుకు సి. అంటించడానికి వి, ఇక్కడ చేర్చు అని కిందికి చూపే గుర్తులా ఉంటుంది. చేసింది వెనక్కి తీసుకోవడానికి జెడ్. విండోస్‌లో ఇవే కంట్రోల్‌తో కలిసి మన దగ్గరకొచ్చాయి. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

మరి తెలుగు? మన భాషలన్నిటికీ ఒకే తీరు ఉండాలని 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి తెచ్చింది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఐ మీద గ, షిఫ్ట్‌తో ఘ. మన వర్ణమాల లెక్క తెలిస్తే సగం వచ్చినట్టే. విండోస్‌లో ఈ తెలుగు కీబోర్డులో ఉన్నా కంట్రోల్ సి, కంట్రోల్ జెడ్ అలాగే పనిచేస్తాయి. విండోస్ గుర్తున్న మీట, స్పేస్ కలిపి నొక్కితే తెలుగుకూ ఇంగ్లీషుకూ మారవచ్చు.

తెలుగు కొట్టేవాళ్లకు ఇంకొక చిట్కా. ఒత్తు తప్పు పడితే దాని పక్కన నిలబడి బ్యాక్‌స్పేస్ నొక్కండి, ఒత్తు వరకే పోతుంది. అక్షరం ముందు నిలబడి డిలీట్ నొక్కితే మొత్తం అక్షరం గుణింతంతో సహా పోతుంది. ఇప్పుడు రెండు పాటలకొకసారి కంట్రోల్ ఎస్ నొక్కి భద్రం చేస్తున్నాను. ఒకే పాట రెండుసార్లు కొట్టానేమో అనిపిస్తే కంట్రోల్ ఎఫ్‌తో మొదటి మాట వెతుకుతాను.

మన వయసు ఆడవాళ్లకు కంప్యూటర్ రాకపోవడం కాదు, ఏదైనా చెడిపోతుందేమోనన్న భయం. వంట చెడినా, మాట తూలినా మనకు వెనక్కి తీసుకునే వీలు ఎప్పుడూ దొరకలేదు. అందుకే కొత్త వస్తువు ముందు చెయ్యి వెనక్కి లాక్కుంటాం. ఈ ఒక్కచోట మాత్రం తప్పు చేయొచ్చు. ఆ ధైర్యం వచ్చాకే మిగతా మీటలు నాకు అలవాటయ్యాయి.

పోయిన ఆదివారం పెద్దక్షరాల కాగితాలు పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాయన వసారాలో కూర్చుని ఒక్కొక్క పాటా కూడబలుక్కుంటూ చదివాడు. పదకొండో పాట దగ్గర ఆగి, "ఈడొక చరణం ఎగిరిపోయిందే" అన్నాడు. పుస్తకం తీసి చూస్తే నిజమే, నేనే ఒక పంక్తి దాటేశాను. ఆయన కళ్లు మూసుకుని ఆ చరణం జేజి పాడినట్టే పాడాడు. నేను పెన్ను తీసుకుని పక్కన రాసుకున్నాను. నంద్యాల వచ్చాక దాని చోట దాన్ని చేర్చి, కంట్రోల్ ఎస్ కొట్టి, అప్పుడు స్టవ్ వెలిగించాను.