ధనుష్కోటి రైలుదారి

సముద్రతీరము వెంబడి పోవు రైలుమార్గములయందు జనులకు గల మక్కువ నేటిది కాదు. కిటికీప్రక్క చోటు దొరికిన పిల్లవాడు మొదలుకొని చేతిలోని పుస్తకము మూసి కండ్లజోడు సవరించుకొను ముసలివాని వఱకును, నీరు కనబడినంతనే అందఱును ఒక్క ప్రాయమువారగుదురు. ఆ యానందమును మేము కాదనము. కాని ఒక దారి అందముగానున్నదని చెప్పి ఊరకుండుట ఆ దారికి అన్యాయము చేయుటయేయని మాకు తోచుచున్నది. దానిని ఎవరు వేసిరి, దానిపై ఎవరు పోయిరి, ఎవరు తిరిగి రాకపోయిరి అని కూడ అడుగవలెను. ఈ మాటకు నిదర్శనముగా తమిళదేశమున మండపమునుండి పాంబను మీదుగా ధనుష్కోటికి పోయిన రైలుదారి చరిత్రమును చదువరుల ముందుంచుచున్నాము.

మన యిండ్లలో కాశీరామేశ్వరములనునది ఒక్క మాటగానే వాడబడుచున్నది. సేతువుకడ ఇసుక గొనిపోయి గంగలో గలిపి, గంగనీరు తెచ్చి రామేశ్వరలింగమునకు అభిషేకము చేసినగాని యాత్ర పూర్తికాదని పెద్దల నమ్మకము. అయితే మండపమునకును రామేశ్వరద్వీపమునకును నడుమ సముద్రపుపాయ యొకటి యున్నది. రైలు లేని కాలమున యాత్రికులు దానిని పడవలపై దాటుచుండిరి.

దక్షిణ ఇండియా రైల్వే కంపెనీవారు ఆ పాయపై వంతెన తలపెట్టుటకు ముఖ్యకారణము భక్తి కాదు, లంకతోడి రాకపోకలు. అంతకుముందు మద్రాసునుండి లంకకు పోవువారు తూత్తుకుడి వఱకు రైలులో పోయి, అచట స్టీమరెక్కి కొలంబో చేరుచుండిరి. అది దూరపు సముద్రయానము. ధనుష్కోటి వఱకు పట్టాలు వేసినయెడల, లంకలోని తలైమన్నారు రేవు ఇరువది మైళ్లకు కొంచెము పైబడిన దూరముననే యుండును. కావున 1911లో పని మొదలుపెట్టి, రెండు కిలోమీటర్లకు మించిన వంతెనను 140కి పైగా స్తంభములపై నిలిపి, 1914 ఫిబ్రవరి 24వ తేదీన తెఱచిరి. నడుమ ఓడలు పోవుటకై రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచు భాగము నొకదానిని అమర్చిరి. ఓడ వచ్చినపుడెల్ల కూలీలు చేతులతో యంత్రమును త్రిప్పి ఆ రెక్కలను లేపుచుండిరి. వేలకొలది మణుగుల ఇనుము మనుష్యుల భుజబలముచే కదలుచుండెనన్నమాట.

అప్పటినుండి బోటుమెయిలు అను పేరు ప్రసిద్ధికెక్కెను. ఎగ్మూరులో రైలెక్కినవాడు ధనుష్కోటిలో దిగి, స్టీమరుపై తలైమన్నారు చేరి, అచట మఱల రైలెక్కి కొలంబోలో దిగును. ధనుష్కోటి ఇసుకతిన్నెపై స్టేషను, రేవు, సుంకపు కచ్చేరి, తపాలా కచ్చేరి, బడి, చర్చి వెలసినవి. ఇరుప్రక్కలను రెండు సముద్రములు. నడుమ సన్నని నేలపై ఒక చిన్న పట్టణము.

ఇచట మనవారు తలచుకొనవలసిన సంగతి యొకటి కలదు. మన నిబంధనకారులు కలియుగమున విడువదగినవానిలో సముద్రయానమును చేర్చిరి. సీమకు పోయివచ్చిన చదువుకొన్నవారికి మన యూళ్లలో వెలియు, ప్రాయశ్చిత్తములును తప్పలేదు. రాముడు సేనాసమేతుడై సముద్రము దాటెనని పారాయణ చేసిన నోటితోనే సముద్రము దాటినవాడు పతితుడనిరి. అయితే అదే సేతువుకడ వేలకొలది కూలీలు తేయాకు తోటలకై సముద్రము దాటుచుండగా శాస్త్రమెత్తినవా రంతగా కనబడరు. ఆ పేదలు ఏ ధర్మనిర్ణయమునందును లెక్కకు వచ్చినవారు కారు. లంకప్రభుత్వమువారు మాత్రము లెక్కించిరి: మండపమున శిబిరము కట్టి, వారిని కొన్ని దినములు నిలిపి, అంటురోగములు లేవని నిశ్చయించుకొనిన పిమ్మటనే ఓడకు పంపుచుండిరి. బోటుమెయిలు మొదటితరగతిలో కూర్చుండి సముద్రపు సొగసు చూచినవా రెందఱో, ఆ శిబిరపు కంచె వెనుకనుండి సముద్రమును చూచినవా రంతకు ఎన్నో మడుంగులుగా నుందురు. వారి చూపు ఏ యాత్రాగ్రంథమునకును ఎక్కలేదు.

ఆ కూలీల సంతతివారిలో పెక్కుమందికి 1948 నాటి లంక పౌరసత్వశాసనముచే పౌరసత్వము లేకుండ పోయెను. పుట్టిన దేశము తనవారు కారనెను. తాతలు విడిచివచ్చిన దేశము వారెఱుగనిది. 1964 అక్టోబరు 30వ తేదీన లాల్‌బహదూర్ శాస్త్రిగారును, సిరిమావో బండారనాయకెగారును ఒడంబడిక చేసికొని, 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని లంకయు స్వీకరించునట్లు నిర్ణయించిరి. మఱి 1,50,000 మంది సంగతి తరువాతికి విడువబడెను.

ఒడంబడిక జరిగి రెండు నెలలైనను నిండలేదు. డిసెంబరు 22వ తేదీ రాత్రి గొప్ప తుపాను ధనుష్కోటిపై విఱుచుకుపడెను. పాంబనునుండి బయలుదేఱిన 653 నంబరు పాసింజరు బండి ధనుష్కోటిని సమీపించునంతలో ఉప్పెన దానిని ముంచివైచెను. అందలి నూటికి పైబడిన జనులలో ఒక్కరును బ్రతుకలేదు. ఊరు, స్టేషను, రేవు, పట్టాలు అన్నియు పోయినవి. పాంబను వంతెనపై గర్డర్లలో 126 సముద్రము పాలయ్యెను. నడిమి లేచుభాగము మాత్రము నిలిచెను. వంతెనను బాగుచేయుటకు రైల్వేవారు ఆఱు నెలల గడు వనుకొనగా, పైయధికారి దానిని మూడు నెలలకు తగ్గించెను. ఆ పని నెత్తికెత్తుకొనిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్‌గారు సముద్రగర్భమునుండి గర్డర్లను వెలికితీయించి 46 దినములలో ముగించిరి. ఆయన ఇంజనీరింగు విద్య నేర్చినది మన కాకినాడలోనని తెలిసినపుడు మాకు సంతోషము కలిగినది. కాని ధనుష్కోటికి పట్టాలు తిరిగి వేయలేదు. ఒడంబడిక ననుసరించి లంకనుండి వచ్చినవారు పెక్కురు రామేశ్వరమున దిగిరి. తాతలు ఓడయెక్కిన స్టేషను వారి కంటబడలేదు.

మేము ఆ ప్రదేశమును చూచితిమి. తారు రోడ్డు ఇప్పుడు నేల చివరివఱకును పోవుచున్నది. స్టేషనుకు మొండిగోడలు మాత్రము మిగిలినవి. చర్చికి పైకప్పు లేదు. చూడవచ్చినవారు దానిని దయ్యాల ఊరని చెప్పుకొనుచు, గోడలకానుకొని ఫొటోలు తీయించుకొనుచుండిరి. ఆ మాట మాకు మిక్కిలి నొప్పి కలిగించెను. ఆ గోడలకు కూతవేటు దూరమున బెస్తకుటుంబములు గుడిసెలలో కాపురము చేయుచు, వలలు ఆరవేసికొనుచునే యున్నవి. బ్రతికియున్నవారి యెదుట వారి యూరిని దయ్యాల ఊరనుట వినోదము కానేరదు. 1977 నవంబరులో ఉప్పెనచే దివిసీమను పోగొట్టుకొనిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. చచ్చినవారిని వేలలో లెక్కించిన మన తీరమును ఎవరైన అట్లు పిలిచినయెడల మన మోర్చుకొందుమా?

పాత వంతెనపై 2022 డిసెంబరులో రైళ్లు నిలిచిపోయినవి. దాని ప్రక్కనే కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6వ తేదీన తెఱువబడెను. అందు 72.5 మీటర్ల పొడవుగల నడిమి భాగము విద్యుచ్ఛక్తిచే నిలువుగా పైకి లేచును. కూలీల భుజములకు ఆ శ్రమ తప్పినది. చదువరులలో పెక్కురు పిల్లలతో ఆ వంతెన మీదుగా రామేశ్వరము పోవుదురు. నీరు చూచి పిల్లలు కేకలు వేయుదురు, వేయనిండు. రైలు రామేశ్వరమున ఆగినపుడు, ఈ దారి ఇంతటితో సరియా యని వారిలో నొకడు అడుగవచ్చును. అప్పుడు, ఇంక లేదని చెప్పి సామాను దింపుటకు తొందరపడక, అటు పైని ధనుష్కోటియని యొక స్టేషను ఉండెడిదనియు, అక్కడినుండి యెవరెవరు ఓడ యెక్కిరో, యెవరు ఆ రాత్రి దానిని చేరలేకపోయిరో ఇంటిపెద్దలు వానికి చెప్పుదురు గాక యని మా ప్రార్థన.