ఇల్లు మారిన జ్ఞాపకం

మా లాప్‌టాపుకి పన్నెండేళ్ళు. ఈమధ్య దాని మీట నొక్కి, వంటింట్లోకెళ్ళి కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. పైగా లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడొకటి. మా మేనల్లుడు చెవి ఆనించి విని, నాడి చూసిన వైద్యుడిలా పెదవి విరిచాడు.

"హార్డ్ డిస్కు పోయేలా ఉంది మావయ్యా. ఎస్.ఎస్.డి. కొని ఆపరేటింగ్ సిస్టంతో సహా అంతా అందులోకి మార్చేద్దాం."

నా గుండె ఝల్లుమంది. యంత్రం పోతే పోనీండి. కాలం చేసిన మా నాన్నగారు చెప్పిన ఊరి కబుర్లు, నలభై నిమిషాల గొంతు, అందులోనే ఉంది. మరో ప్రతి లేదు.

ఈ డిస్కుల వంశానికి మూలపురుషుడు 1956లో పుట్టాడు. అమెరికాలో ఐ.బి.ఎం. వారి రామాక్ కంప్యూటరుకి తోడుగా వచ్చిన యంత్రమది. రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై, ఒకదానిమీద ఒకటి, నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. బరువు టన్ను పైమాటే. ఇంతా చేసి అందులో పట్టేవి యాభై లక్షల అక్షరాలు! ఇవాళ సెల్‌ఫోనులో తీసే ఒకటి రెండు ఫొటోలకే సరి. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద రేనాల్డ్ జాన్సన్, ఒకప్పటి బడిపంతులు.

తర్వాత పళ్ళేలు చిక్కుతూ వచ్చాయి. 1980లో సీగేట్ వారు అయిదుంబావు అంగుళాల డిస్కులో ఆ యాభై లక్షలూ ఇమిడ్చారు. అయినా తిరగడం తప్పలేదు. మా లాప్‌టాపులోదీ నిమిషానికి 5400 చుట్లు. కంప్యూటరు నిద్రలేచేటప్పుడు వేల చిన్న ఫైళ్ళు కావాలి. ఒక్కోదాని కోసం చదివే ముల్లు పళ్ళెం మీద అటూ ఇటూ పరుగెత్తాలి. నా కాఫీ గ్లాసుడు కాలం ఆ పరుగులకే సరిపోయేదన్నమాట.

ఈ పరుగు మాన్పించే ఉపాయాన్ని 1984లో లోకానికి వెల్లడించినవాడు తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా. కరెంటు తీసేసినా ఎలక్ట్రాన్లు చిప్పులోనే బందీలుగా ఉండిపోతాయి. రాసినదంతా ఒక్క దెబ్బన చెరిగిపోవడం చూసి ఆయన సహోద్యోగికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట. ఆ పేరే నిలిచింది. 1991లో సన్‌డిస్క్ వారు ఇలాంటి చిప్పులతో 20 మెగాబైట్ల డ్రైవు చేస్తే ధర దాదాపు వెయ్యి డాలర్లు! ఇప్పుడు దానికి వేల రెట్లు పట్టేది మధ్యతరగతి చేతికే అందుతోంది.

మావాడు కొత్త డ్రైవుని తీగతో తగిలించబోతూ ఆగాడు. "ముందు తాతయ్య గొంతు" అని దాన్నొక్కదాన్నీ పెన్‌డ్రైవులోకి తీసి నా చేతిలో పెట్టాడు. ఇల్లు మారేటప్పుడు నాన్నగారూ అంతే, ముందు దేవుడి పటం తీసుకెళ్ళాకే మిగతా సామాను కదిలించేవారు.

ఆపైన అసలు కాపురం కదిలింది. ఉత్తరాలూ ఫొటోలూ పట్టుకెళ్తే చాలదట. యంత్రం నిద్ర లేవడానికి కావలసిన భాగాలు కూడా మక్కీకి మక్కీ దిగాలిట. మూడు గంటలు పట్టింది. తర్వాత మరలు విప్పి పాతది తీసి, కొత్తది అదే గూట్లో అమర్చాడు.

మీట నొక్కాను. స్టవ్ దగ్గరికి చేరేలోగా తెర వెలిగింది! లోపల చప్పుడన్నది లేదు. నాన్నగారి గొంతు ఒక్కటే వినిపించింది. మేమిద్దరం మాట్లాడకుండా విన్నాం.

"మరి ఇది శాశ్వతమేనా?" అన్నాను. "ఏదీ కాదు మావయ్యా. ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా మూల పడేస్తే ఇదీ మరిచిపోవచ్చు. ఇంకో ప్రతి మా ఇంట్లో ఉంచుతాను" అన్నాడు.

ఉంచాడు. ఇప్పుడు నాకు మిగిలిన ఇబ్బందల్లా కాఫీ కలుపుకోవడానికి సాకు లేకపోవడమే.