కోనసీమ గట్లు, మురుగుకాలువలు

కోనసీమ పటమును నల్లబల్లపై గీయుమన్నచో నా విద్యార్థులు గౌతమిని, వసిష్ఠను, వైనతేయమును తప్పక గీయుదురు. పంటకాలువలను సైతము కొందఱు గుర్తింతురు. మురుగుకాలువను మాత్రము ఒక్కడును గీయడు. ఇది బాలుర దోషము కాదు. నీరు తెచ్చినవారిని మనము పూజించితిమి. నీరు పోవు దారిని మఱచితిమి.

ముందు ఈ నేల స్వభావము నెఱుగవలెను. గోదావరి ప్రతి వఱదలోను తెచ్చు ఒండ్రులో నెక్కువ భాగమును తన యొడ్డుననే దింపును. అందువలన ఏటియొడ్డు మెరకయై, నడిభూమి పల్లమైనది. పల్లమున జేరిన నీరు మరల నదికి ఎక్కజాలదు, సముద్రమునకే పోవలెను. అచ్చటనో, తీరము వెంబడి ఇసుకమెరకలు అడ్డముగా నున్నవి. సముద్రము ఒకప్పుడు అమలాపురపు పరిసరముల వఱకు నుండెనని అచ్చటి పాతమెరకలే చాటుచున్నవి. మెరకకును మెరకకును నడుమ నీరు నిలిచిన చోట్లే పర్రలు.

నందన సంవత్సరపు కఱవును (1832-33), 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెనను చూచిన ఈ ప్రాంతమున, ఆర్థరు కాటను యత్నమువలన 1847లో ధవళేశ్వరపు ఆనకట్ట పని ప్రారంభమై 1852లో ముగిసెను. పిమ్మట గన్నవరమువద్ద వైనతేయముపై అక్విడక్టు కట్టి ఆవలి దీవికి నీరు దాటించిరి. నదుల వెంబడి గట్లు బలపడెను. కఱవు తీఱెను.

కాని ప్రతి మేలును ఒక బాధ్యతను వెంటబెట్టుకొని వచ్చును. కాలువనీరు నెలల తరబడి పాఱుటచే పల్లమునకు దిగు మురుగు హెచ్చెను. గట్టు వఱదను ఆపుటతో పాటు ఒండ్రునుగూడ ఆపెను. ఇక గట్టు తెగినచో లోపల జొచ్చిన నీటిని అదే గట్టు నదికి పోనీయదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వఱద వచ్చి గట్లు తెగినప్పుడు, మరల 2006లోను, ఈ సత్యమును కోనసీమ కన్నీటితో నేర్చుకొన్నది.

సప్తగోదావరులలో నొకటిగా మన పెద్దలు స్తుతించిన కౌశిక నేడు మురుగుకాలువగా నున్నది. పేరున ఋషి, పనిలో మురుగు. ఇందు అవమానము లేదు. ఊళ్ల మురుగును మోసి సముద్రమున గలుపుటకన్న పుణ్యకార్యమేమున్నది? అవమానమెల్ల దానిని పూడనిచ్చుటలోనే. 1964లో మిత్రా సంఘము కృష్ణాగోదావరీ డెల్టాల మురుగుసమస్యను విచారించెను. 1968లో అందులకై సెస్సు విధించు చట్టము వచ్చెను. అయినను 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినప్పుడు, వారి మొఱలలో గిట్టుబాటుధరతో పాటు మురుగుకాలువల దుస్థితియు నుండెను.

సముద్రముఖమున చిక్కు మఱింత సూక్ష్మమైనది. పాటునీటివేళ మురుగు బయటికి పోవును. పోటువేళ ఉప్పునీరు అదే దారిని లోనికి వచ్చును. ముఖము ఇసుకచే పూడినచో వాననీరు చేలను ముంచును. కాపులేక తెఱచినచో ఉప్పు వేళ్లను తినును. 2025లో రాజోలు ప్రాంతమున శంకరగుప్తము కాలువ వెంట కేశనపల్లి మొదలగు గ్రామముల కొబ్బరితోటలు ఉప్పునీటివలన మోడువాఱినవి. కొబ్బరిచెట్టు ఇంటి పెద్దకొడుకని నమ్మినవారికి ఆ దృశ్యమెట్టిదో వేఱుగ చెప్పనేల?

17వ శతాబ్దిలో డచ్చివారు వసిష్ఠకు ఆవలివైపున పాలకొల్లులో వర్తకస్థానము నెలకొల్పిరి. వారి దేశమున 13వ శతాబ్దినాటికే రైతులు నీటిసభలు గూర్చుకొని, గట్టులో ఎవరి భాగమును వారు కాపాడు నియమమును ఏర్పఱచుకొనిరి. వారి బట్టలబేరము మనకు తెలిసెను. ఆ నీటిసభల మర్మము తెలియలేదు. 1997 చట్టముచే మనకును నీటివినియోగదారుల సంఘములు వచ్చెను. అయితే చేనికి నీరు రాకున్న సంఘమునకు పరుగెత్తు మనము, మన నీరు పొరుగువాని చేనిలో నిలిచిన మాటాడము.

పంటకాలువ నా హక్కు, మురుగుకాలువ సర్కారు పని యను భావము పోవలెను. కాలువగట్టును చేనిలో గలుపుకొనువాడును, పెంటను అందులో బోయు గృహిణియు, గుఱ్ఱపుడెక్క పెరుగుచుండ చూచి పోవు మా బోటి చదువరులును ఈ పాపమున భాగస్వాములే. వచ్చే యేడు నా తరగతిలో పటము గీయునప్పుడు మొదటి గీత మురుగుకాలువదే కావలెనని నిశ్చయించుకొంటిని. తమ యూరి మురుగు ఏ దారిని పోయి సముద్రమున గలియుచున్నదో పిల్లలు నడచి చూచి రావలెను. వారితో పెద్దలును నడచినచో మేలు.