బోదకాలు: కర్మఫలమా, నిలువనీటి ఫలమా?

బోదకాలు చిరకాలముగా పాతుకొనిన ప్రాంతములలో పూర్వపు కరీంనగరము జిల్లా యొకటి. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరిన వేములవాడయు అందలిదే. రాజరాజేశ్వరుని సన్నిధికి నలుదెసల నుండి జనులు వచ్చు ఈ క్షేత్రమున ఈ రోగమును గూర్చి రెండు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని తలచెదము. ఏలయన, కాలుబ్బినవానిని చూచి పూర్వజన్మ పాపమని పెదవి విరుచుటయు, ఆ యింటి పిల్లను చేసికొనుటకు జంకుటయు మనలో నింకను పోలేదు. రోగచరిత్రమును తెలిసికొన్నచో ఆ మాట యెంత నిరాధారమో తేటపడగలదు.

మన పూర్వులు దీనిని శ్లీపదమనిరి. పాదము శిలవలె గట్టిపడుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ప్రాతనీరు విస్తారముగా నిలిచి, అన్ని ఋతువులందును చల్లగానుండు దేశములలో ఇది విశేషముగా పుట్టునని సుశ్రుతసంహిత నిదానస్థానమున కలదు. ఏడాది దాటినదియు, మిక్కిలి పెరిగినదియు, పుట్టవలె బొడిపెలు లేచినదియు విడువదగినవని అందే నిర్ణయింపబడినది. నిలువనీటికిని రోగమునకును సంబంధమును గుర్తించిన ఆ చూపు మెచ్చదగినది. అయితే నీటికిని కాలికిని నడుమనున్న లంకె ఆనాటివారి కంటికి అందలేదు.

ఆ లంకె 19వ శతాబ్దమున చిక్కినది. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అను వైద్యుడు మనుష్యరక్తమున సూక్ష్మమైన పురుగుపిల్లలను చూచెను. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్టు పెద్దపురుగును కనుగొనెను. 1877లో చైనాలోని అమోయి రేవున పాట్రిక్ మాన్సన్ ఆ పిల్లలు దోమ దేహమున పెరుగుటను కనిపెట్టెను. కాని దోమ చచ్చిపడిన నీటిని త్రాగుటచే రోగము వచ్చునని ఆయన తలచెను. 1900లో జార్జి లో అను వైద్యుడు దోమతొండమున పురుగులను చూపిన పిమ్మట గాని కాటే కారణమని తెలియలేదు.

మురుగుకాలువలలో పుట్టు క్యూలెక్సు దోమ మన దేశమున దీనికి ముఖ్యవాహకము. పురుగులు శరీరములోని శోషరసనాళములలో 6 మొదలు 8 సంవత్సరములు బ్రతికి వానిని చెరచును. రసము వెనుకకు మరలలేక కాలుబ్బును. పిల్లలు రాత్రివేళ నెత్తురులో సంచరించును గనుకనే ఆ పరీక్షకై రాత్రి నెత్తురు తీయుదురు. అయినను వాపెల్ల బోదకాలు కాదు. గుండె, మూత్రపిండములు, కాలేయము చెడినప్పుడును, గర్భకాలమునను పాదములు ఉబ్బవచ్చును. రెండు పాదములును వాచినను, ఒక కాలు ఉన్నట్టుండి నొప్పితో వాచినను జాగుచేయక వైద్యునికి చూపవలెను.

1947లో డైఈథైల్ కార్బమజైన్ అను మందు ఈ పురుగుపై పనిచేయునని వెల్లడియయ్యెను. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము వెలసెను. 2004 నుండి రోగమున్న జిల్లాలలో ఏటేట జనులందరికిని మాత్రలు పంచుట మొదలైనది. పిదప ఆల్బెండజోల్ అను మాత్రయు చేరినది. “మాకు రోగము లేదు, మాత్ర యేల?” అని అడుగువారు కలరు. పురుగును మోయువాడు పెక్కేండ్లు ఆరోగ్యవంతునివలెనే తిరుగును. వాని నెత్తుటి నుండియే దోమ పొరుగువానికి రోగమును చేర్చును. కావున గర్భిణులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారందరును మ్రింగవలసినదే.

ముదిరిన వాపును మాత్ర కరిగింపలేదు. అయినను ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ళసందులు తడిలేకుండ అద్ది, పుండ్లకు మందు పూసి, కూర్చున్నపుడు ఎత్తుగా నుంచి, చీలమండను కదల్చుచు, తగిన చెప్పులు తొడిగినచో జ్వరపు పోట్లు తగ్గును, వాపు ముదురకుండును. విడువదగినదని పూర్వులు చెప్పినదానికి నేడు ఇంతమాత్రపు దారి కలదు. 2018లో తెలంగాణ ప్రభుత్వము బోదకాలు రోగులకు పింఛను నిచ్చుట ఆరంభించినది. ధనము ప్రభుత్వమీయగలదు, ఆదరము పొరుగువాడే చూపవలెను.

రాజన్నకు కోడెమ్రొక్కు తీర్చుకొనువారిని మేము వారింపము. భక్తి వారిది. ఇంటిముంగిటి మురుగును తీయుటయు, మాత్రను మ్రింగుటయు, కాలుబ్బినవానిని పంక్తిలో తమ సరసన కూర్చుండబెట్టుకొనుటయు మనయందరి విధి.