ఫజ్లుర్ రహ్మాన్ మాలిక్

ఫజ్లుర్ రహ్మాన్ మాలిక్ (1919 సెప్టెంబరు 21 - 1988 జూలై 26) ఇరవైయవ శతాబ్దానికి చెందిన ప్రముఖ ఇస్లామీయ పండితుడు, తత్వవేత్త, ఆచార్యుడు. ఖురాన్ వ్యాఖ్యానానికి (తఫ్సీర్) ఒక క్రమబద్ధమైన పద్ధతిని ప్రతిపాదించి, ఆ పద్ధతికీ ముస్లిం సమాజాల అభివృద్ధికీ గల సంబంధాన్ని వివరించాడు. ముస్లిం సమాజాల స్తబ్ధతకు కారణం ఖురాన్ కాదనీ, దానిని విడివిడి వాక్యాలుగా చదివే అలవాటూ, కొత్త ఆలోచనకు తావివ్వని విద్యావిధానమూ అందుకు కారణాలనీ ఇతని వాదన. ఈ భావాల వలన తలెత్తిన వివాదంలో 1968లో పాకిస్తాన్‌ను విడిచి వెళ్ళి, శేషజీవితాన్ని అమెరికాలో గడిపాడు.

బాల్యం, విద్య

ఇతడు అవిభక్త భారతదేశంలోని వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి చెందిన హజారా జిల్లాలో జన్మించాడు. ఈ ప్రాంతం నేడు పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో ఉన్నది. తండ్రి మౌలానా షహాబుద్దీన్ దేవబంద్‌లో విద్యనభ్యసించిన ఆలిం. సాంప్రదాయిక మదరసా పాఠ్యక్రమాన్ని ఇతడు తండ్రి వద్దనే ఇంటిలో నేర్చుకున్నాడు. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో అరబ్బీ భాషలో ఎం.ఏ. పూర్తి చేసి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇబ్న్ సీనా తత్వశాస్త్రంపై పరిశోధన చేశాడు. ఆ పరిశోధన 1952లో గ్రంథరూపం పొందింది. తరువాత ఇంగ్లండులోని డర్హమ్, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయాలలో అధ్యాపకుడిగా పనిచేశాడు. ఇటు మదరసా విద్య, అటు ఆధునిక చరిత్ర పరిశోధన రెండూ తెలిసినవాడు కావడం ఇతని రచనలన్నింటిలోనూ కనిపిస్తుంది.

పాకిస్తాన్‌లో సేవ, వివాదం

పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ కాలంలో ఇతడు స్వదేశానికి తిరిగివచ్చి, కరాచీలోని కేంద్ర ఇస్లామీయ పరిశోధనా సంస్థలో చేరి, 1962లో దాని సంచాలకుడైనాడు. ఇస్లాం మూలసూత్రాలను ఆధునిక సమాజ అవసరాల దృష్ట్యా వివరించడం ఈ సంస్థకు అప్పగించబడిన పని. వివాహాల నమోదును తప్పనిసరి చేసి, రెండవ వివాహానికి మధ్యవర్తి మండలి అనుమతి కావాలన్న 1961 నాటి కుటుంబ చట్టాన్ని ఇతడు సమర్థించాడు.

బ్యాంకు వడ్డీపై 1964లో ప్రచురించిన వ్యాసం తీవ్ర చర్చకు దారితీసింది. ఖురాన్ నిషేధించిన 'రిబా', అప్పు తీర్చలేనివాని బాకీని రెట్టింపులు చేస్తూ పోయిన నాటి అరబ్బుల దోపిడీ పద్ధతి అనీ, దానినీ ఆధునిక బ్యాంకు వడ్డీనీ ఒకటిగా చూడరాదనీ ఇందులో వాదించాడు. సాంప్రదాయిక ఉలమాలు, జమాఅతె ఇస్లామీ వర్గాలు దీనిని ఖండించాయి.

1966లో వెలువడిన 'ఇస్లాం' అనే గ్రంథం ఈ వ్యతిరేకతను మరింత పెంచింది. ఖురాన్ సంపూర్ణంగా దైవవాణియే అని అంగీకరిస్తూనే, ఆ వాణి (వహీ) ప్రవక్తకు కేవలం బయటినుండి వినిపించిన శబ్దం కాదనీ, అది ఆయన హృదయంతో, వ్యక్తిత్వంతో గాఢంగా పెనవేసుకున్నదనీ ఇతడు వ్రాశాడు. ఖురాన్ దైవత్వాన్నే ఇది శంకిస్తున్నదని విమర్శకులు భావించారు. 1968లో నిరసన ప్రదర్శనలు జరిగాయి. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఇతడు రాజీనామా చేశాడు. అప్పటికి అయూబ్ ఖాన్ ప్రభుత్వంపైనే ప్రజలలో అసంతృప్తి ప్రబలుతూ ఉండటం వలన, మతచర్చ రాజకీయ పోరాటంలో భాగమైపోయింది. అయూబ్ ఖాన్ 1969 మార్చిలో పదవినుండి తప్పుకున్నాడు.

వ్యాఖ్యాన పద్ధతి

1969లో ఇతడు చికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1982లో ప్రచురించిన 'ఇస్లాం అండ్ మోడర్నిటీ' గ్రంథంలో తన పద్ధతిని సమగ్రంగా వివరించాడు. ఇది 'ద్విముఖ గమనం' అని చెప్పదగినది. ఇందులో రెండు దశలున్నాయి.

1. వర్తమానం నుండి ఖురాన్ అవతరించిన కాలానికి వెళ్ళడం. ఒక ఆదేశం ఏ సామాజిక పరిస్థితిలో, ఏ సమస్యకు పరిష్కారంగా వచ్చినదో తెలుసుకొని, అటువంటి ఆదేశాలన్నింటినీ కలిపి చూచి, వాటి వెనుకనున్న నైతిక సూత్రాన్ని గ్రహించాలి.
2. ఆ సూత్రంతో తిరిగి వర్తమానానికి రావడం. నేటి సమాజాన్ని శాస్త్రీయంగా పరిశీలించి, ఆ సూత్రాన్ని నేటి పరిస్థితికి అన్వయించాలి.

మొదటి దశకు చరిత్రకారుడు, రెండవ దశకు సామాజిక శాస్త్రవేత్త, నీతిశాస్త్రజ్ఞుడు అవసరమని ఇతని అభిప్రాయం. అందువలన వ్యాఖ్యానం కేవలం భాషా పండితుల పని కాదు.

బహుభార్యాత్వంపై ఇతని విశ్లేషణ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఖురాన్ 4:3 నలుగురు భార్యల వరకు అనుమతిస్తుంది. అయితే ఆ వాక్యం అనాథ బాలికల ఆస్తిని సంరక్షకులు కాజేయకూడదన్న సందర్భంలో వచ్చింది. భార్యలందరికీ సమన్యాయం చేయలేమని భయపడితే ఒక్కరితోనే సరిపెట్టుకొమ్మని కూడా చెబుతుంది. అటువంటి న్యాయం మనిషికి సాధ్యం కాదని 4:129 చెబుతుంది. ఈ వాక్యాలను కలిపి చదివితే, అనుమతి నాటి పరిస్థితికి చెందినదనీ, ఏకపత్నీత్వమే ఖురాన్ ఆశించిన గమ్యమనీ ఇతడు నిర్ణయించాడు. అప్పు పత్రాలకు ఒక పురుషునికి బదులు ఇద్దరు స్త్రీలు సాక్షులుగా ఉండాలన్న 2:282 నియమం కూడా, నాటి స్త్రీలకు ఆర్థిక వ్యవహారాలతో పరిచయం తక్కువ కావడం వలన ఏర్పడినదనీ, ఆ పరిస్థితి మారితే నియమమూ మారవచ్చుననీ భావించాడు.

విద్య, సమాజం

మధ్యయుగాల మదరసాలలో మూలగ్రంథాల స్థానాన్ని వ్యాఖ్యానాలు, వాటిపై ఉపవ్యాఖ్యానాలు ఆక్రమించాయనీ, ఆ విధంగా స్వతంత్ర ఆలోచన (ఇజ్తిహాద్) క్షీణించిందనీ ఇతడు విమర్శించాడు. న్యాయశాస్త్రం (ఫిఖహ్), వేదాంతం (కలామ్) విస్తారంగా పెరిగినా, ఖురాన్ ఆధారంగా సమగ్రమైన నీతిశాస్త్రం రూపొందలేదని గుర్తించాడు. మత విద్యను, లౌకిక విద్యను వేరువేరు పాఠశాలలలో ఉంచి, రెంటినీ కొంత కొంత కలిపినంత మాత్రాన ప్రయోజనం లేదని, అధ్యాపకుల తయారీ నుండే సంస్కరణ మొదలుకావాలని సూచించాడు.

ప్రభావం, విమర్శలు

ఇండోనేషియా పండితుడు నూర్‌ఖోలిష్ మజీద్ చికాగోలో చదివి, 1984లో ఇబ్న్ తైమియాపై పరిశోధన పూర్తిచేసి, స్వదేశంలో సంస్కరణ భావాలను వ్యాప్తి చేశాడు. అమెరికా పండితురాలు అమీనా వదూద్ స్త్రీల విషయమై ఖురాన్‌ను పరిశీలిస్తూ 1992లో ప్రచురించిన గ్రంథంలో ఇతని పద్ధతిని అనుసరించింది. టర్కీలోనూ ఇతని గ్రంథాలు విశేషంగా చదవబడ్డాయి.

ఒక ఆదేశంలో శాశ్వత సూత్రమేదో, తాత్కాలిక నియమమేదో తేల్చేది వ్యాఖ్యాత సొంత అభిరుచియే కదా అన్నది ఈ పద్ధతిపై ప్రధానమైన ఆక్షేపణ. వ్యాఖ్యాతల మధ్య భేదాలు సహజమనీ, బహిరంగ చర్చ ద్వారా సమాజమే వాటిలో మేలైనదానిని గ్రహిస్తుందనీ ఇతని దృక్పథం. కరాచీలో ఇతనికి అటువంటి చర్చకు అవకాశం దొరకలేదు.

ముఖ్య రచనలు

* ప్రాఫెసీ ఇన్ ఇస్లాం (1958)
* ఇస్లామిక్ మెథడాలజీ ఇన్ హిస్టరీ (1965)
* ఇస్లాం (1966)
* ది ఫిలాసఫీ ఆఫ్ ముల్లా సద్రా (1975)
* మేజర్ థీమ్స్ ఆఫ్ ది ఖురాన్ (1980)
* ఇస్లాం అండ్ మోడర్నిటీ (1982)
* రివైవల్ అండ్ రిఫార్మ్ ఇన్ ఇస్లాం (మరణానంతర ప్రచురణ, 2000)

ఇవీ చూడండి

* ఖురాన్
* తఫ్సీర్
* ఇజ్తిహాద్
* సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్