తాళం కప్ప, కుక్క రంది

జహీరాబాద్ వైపు 'రంది' అని ఒక మాట ఉంది. కోస్తావాళ్ళు 'బెంగ' అనే చోట మా దగ్గర దాదాపు ఇదే మాట వాడతారు. బిడ్డ అత్తగారింటికి పోతే తల్లికి రంది. దూడను అమ్మేస్తే ఆవుకు రంది, రెండు రోజులు గడ్డి ముట్టదు. ఇంటి మనిషి ఊరికి పోతే కుక్కకూ రందే. "రంది పెట్టుకున్నది, బువ్వ తింటలేదు" అని మా నానమ్మ తరం వాళ్ళు కుక్క గురించి చాలా మామూలుగా అనేవారు. ఇప్పుడు పశువైద్యులు 'సెపరేషన్ యాంగ్జైటీ' అనే దానికి దగ్గరగా వచ్చే మాట మనకు ఎప్పట్నించో ఉందన్నమాట.

అయితే ఒక తేడా ఉంది. నానమ్మ చెప్పే కుక్క రంది ఎవరో ఒక మనిషి దూరమైతే వచ్చేది. ఇంట్లో మిగతావాళ్ళు ఉండేవాళ్ళు. ఇవాళ అపార్ట్‌మెంట్లో కుక్క పడే రంది వేరు. అక్కడ పొద్దున తొమ్మిదికి మనుషులంతా ఒకేసారి మాయమైపోతారు, బయట తాళం పడుతుంది. రంది పాతదే, కొత్తగా వచ్చింది తాళం. కుక్కను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళడం ఎలాగో తెలుసుకోవాలంటే ముందు ఈ తాళం ఎప్పుడు, ఎలా వచ్చిందో చూడాలి అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుగులో కుక్కకు ఉన్న పేర్లు చూడండి: కాపలా కుక్క, వేట కుక్క, ఊరకుక్క. అన్నీ అది చేసే పనిని బట్టో, తిరిగే చోటుని బట్టో వచ్చినవే. పని ఏదైనా చుట్టూ మనుషులు ఉండాలి. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట సుమారు 14,000 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో పాటు ఒక కుక్కపిల్ల. దాని పళ్ళ మీది గుర్తులను పరిశీలించి, దానికి డిస్టెంపర్ లాంటి జబ్బు చేసిందనీ, ఎవరో పక్కనుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికేది కాదనీ 2018లో పరిశోధకులు రాశారు. మన దేశంలో కశ్మీర్‌లోని బుర్జహోమ్ నవీన శిలాయుగపు సమాధుల్లోనూ మనుషులతో పాటు కుక్కలను పూడ్చిన ఆనవాళ్ళున్నాయి. కుక్క అనే జంతువు తయారైందే మనిషి పక్కన. తోడేలు నుంచి అది విడిపోయిన ఈ వేల ఏళ్ళలో మనం ఎంచుకుంటూ వచ్చింది మనల్ని వదలని కుక్కలనే.

ఆ వదలకపోవడాన్ని మన సాహిత్యం, మన మతం బాగానే మెచ్చుకున్నాయి. మహాభారతం మొదట్లో సరమ అనే దేవశునకం, ఏ తప్పూ చేయని తన పిల్లను ఎందుకు కొట్టారని జనమేజయుణ్ణి నిలదీస్తుంది. నన్నయ ఆదిపర్వంలో ఈ కథ దాదాపు ఆరంభంలోనే వస్తుంది. చివర్లో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి రమ్మంటే స్వర్గమే వద్దంటాడు. నమ్ముకున్నదాన్ని వదిలేయడం మహాపాపం అని అతని వాదన. జహీరాబాద్‌కు 30 కిలోమీటర్ల దూరంలో బీదర్ ఉంది. ఆ జిల్లాలోనే మైలార్ మల్లన్న క్షేత్రం. మైలారుడనీ ఖండోబా అనీ పిలిచే ఈ దేవుడి పక్కన కుక్క ఉంటుంది. ఆ సంప్రదాయంలో కొందరు భక్తులు తామే దేవుడి కుక్కలమని చెప్పుకుని, కుక్కల్లా మొరుగుతారు కూడా. వాళ్ళ దృష్టిలో భక్తికి నమూనా కుక్కే. వీటన్నిటిలో కుక్క వెంట వస్తుంది, లేదా పక్కన ఉంటుంది. ఇంట్లో ఉండిపోయి ఎదురుచూసే కుక్క కథ మాత్రం నాకు కనబడలేదు. అలాంటి పరిస్థితి అరుదు కావడమే కారణం కావచ్చు.

మా ప్రాంతపు చరిత్రలో వెంట నడిచే కుక్కలకు కొదవ లేదు. దక్కన్‌లో బండ్లకు తగిన రోడ్లు, రైళ్ళు రాకముందు ధాన్యం, ఉప్పు మోసింది బంజారాలే. 17వ శతాబ్దంలో గోల్కొండ దాకా తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, వేల ఎద్దులతో దారి పొడుగునా సాగే వాళ్ళ బిడారుల గురించి రాశాడు. ఊరే కదిలిపోతున్నట్టు ఆలుబిడ్డలతో సహా నడిచేవారు. రాత్రి మజిలీలో సరుకుకూ పశువులకూ కాపలా కుక్కలది. దక్కన్ వేటకుక్కల జాతి ఒకదానికి 'కారవాన్ హౌండ్' అనే పేరు రావడానికి ఈ బిడారులే మూలమంటారు. ఆ జీవితంలో కుక్కను ఇంట్లో వదిలి వెళ్ళడమన్న సమస్య పుట్టదు, ఎందుకంటే వదలడానికి ఇల్లే లేదు.

రైళ్ళు వచ్చాక ఆ రవాణా వృత్తి కూలిపోయింది. బంజారాలు తండాల్లో స్థిరపడ్డారు. జహీరాబాద్, నారాయణఖేడ్ చుట్టూ ఉన్న తండాల నుంచి ఇప్పటికీ దసరా దాటాక జనం చెరకు నరకడానికి వలస పోతారు. కొన్ని నెలల పాటు చాలా ఇళ్ళకు తాళాలు. ముసలివాళ్ళు ఉంటారు, బడి మానలేని పిల్లలు కొందరు ఉంటారు, కుక్కలు ఉంటాయి. ఒకప్పుడు కుక్కను కూడా వెంట నడిపించిన ప్రయాణం, ఇప్పుడు కొందరిని వెనక వదిలేసే ప్రయాణమైంది. మా వైపు మూకుమ్మడిగా తాళాలు పడ్డ మొదటి ఇళ్ళు నగరపు ఫ్లాట్లు కావు, ఇవే అనుకుంటాను.

జహీరాబాద్ పాత గల్లీల్లో తాళం కన్నా గొళ్ళెం ఎక్కువ పని చేసేది. దర్వాజకు గొళ్ళెం పెట్టి పొలానికి పోయేవాళ్ళు. అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు: మన తాత కాకపోతే పక్కింటి తాత. కుక్క ఒక ఇంటిది అనుకున్నా అసలు గల్లీ మొత్తానిది. ఒక ఇంట్లో జొన్నరొట్టె, ఇంకో ఇంట్లో అన్నం. తెలుగులో పిలిస్తే వచ్చేది, దక్కనీలో పిలిచినా వచ్చేది. యజమాని ఒకడే అన్న భావన దానికి అంతగా ఉండేది కాదు, కాబట్టి అతను లేని లోటూ అంత లోతుగా ఉండేది కాదు. నేను ఆ రోజుల్ని పొగడడం లేదు. అదే కుక్కకు ఆదరణతో పాటు రాళ్ళ దెబ్బలూ దక్కేవి. టీకా లేదు, వైద్యం లేదు. కానీ ఒంటరితనం మాత్రం లేదు.

1980లలో హైవే పక్కన ఆల్విన్ నిస్సాన్ వాహనాల ఫ్యాక్టరీ వచ్చింది, అది తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. షిఫ్టులు వచ్చాయి. అదే దశాబ్దంలో, 1983లో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని చిరుధాన్యాల కోసం, మాచనూరు సంఘం రేడియో కోసం గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆ దళిత మహిళా సంఘాల పనుల్లో బాల్వాడీలు కూడా ఉన్నాయి. కూలికి పోయే తల్లి పగలంతా పిల్లను ఎవరి దగ్గర వదలాలి? ఒంటరిగా వదలొద్దు, ఊళ్ళోనే తెలిసిన మనిషి ఒకరు చూసుకోవాలి అన్నది వాళ్ళ జవాబు. మనం కుక్క గురించి ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నకు పెద్దన్న లాంటి ప్రశ్న అది.

ఈ పోలిక నేను లాక్కొచ్చి పెట్టింది కాదు, శాస్త్రమూ ఇదే దారిలో నడిచింది. తల్లికి దూరమైన పసిపిల్లల మీద 1950లలో జాన్ బౌల్బీ చేసిన పని నుంచి అటాచ్‌మెంట్ సిద్ధాంతం వచ్చింది. ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ దానికి ఒక పరీక్ష తయారుచేసింది: కొత్త గదిలో తల్లి బయటికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో చూడడం. 1998లో బుడాపెస్ట్ పరిశోధకులు టోపాల్, మిక్లోషి, చాన్యి బృందం ఇదే పరీక్షను 51 కుక్కలతో, వాటి యజమానులతో చేసింది. కుక్కలు దాదాపు పసిపిల్లల్లాగే ప్రవర్తించాయి. యజమాని ఉంటే ఆట, పోతే తలుపు దగ్గర నిలబడడం. అదే ఏడాది చివర్లో అమెరికాలో కుక్కల ఈ జబ్బుకు క్లోమిప్రమిన్ అనే మందును అనుమతించారు. నానమ్మ రందికి మొదటిసారి ఒక మాత్ర వచ్చింది.

ఇక 2020 మార్చి. లాక్‌డౌన్‌లో నాలాంటి వాళ్ళం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సొంతూళ్ళకు చేరాం. జహీరాబాద్‌లో మా గల్లీలో పుట్టిన ఒక పిల్ల మా ఇంట్లో చేరింది. రెండేళ్ళ పాటు అది ఒక్క గంట కూడా ఖాళీ ఇల్లు చూడలేదు. ఆఫీసు మళ్ళీ రమ్మన్నాక దాన్ని మియాపూర్ ఫ్లాటుకు తెచ్చుకున్నాను. వృత్తిరీత్యా లాగులు చూసే అలవాటు కదా, ఒక కెమెరా పెట్టాను. తాళం పడ్డ నాలుగో నిమిషంలో తలుపు దగ్గర నిలబడింది. పదకొండో నిమిషంలో ఏడుపు. సాయంత్రానికి తలుపు అంచు చెక్కేసింది. పండక్కి జహీరాబాద్ తీసుకెళ్ళినప్పుడు అందరం పెళ్ళికి పోతూ ఇంటికి తాళం వేశాం. అదే కెమెరా. పక్కింటి పెద్దమ్మ వాళ్ళ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో కిటికీలోంచి దాన్ని పేరు పెట్టి పిలుస్తోంది. మా కుక్క పడుకుని నిద్రపోయింది. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టలేం కానీ, తాళం ఒక్కటే కారణం కాదని మాత్రం తెలిసింది.

దీనికి చికిత్స ఏమిటో చెప్పే ముందు పావ్లోవ్ కుక్కల కథ ఒకటి చెప్పాలి. గంట, లాలాజలం కథ కాదు, అందరికీ తెలియని ఇంకోటి. 1924 సెప్టెంబర్‌లో లెనిన్‌గ్రాడ్‌లో పెద్ద వరద వచ్చింది. కుక్కలున్న షెడ్లలోకి నీళ్ళు చేరితే వాటిని ఈదించుకుంటూ ప్రయోగశాలకు చేర్చారు. బతికాయి గానీ, కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవన్నీ మర్చిపోయాయి. వారాలు గడిచినా మామూలు కాలేదు. అప్పుడు పావ్లోవ్ సహచరుడు స్పెరాన్‌స్కీ ఒక పని చేశాడు. మామూలుగా ప్రయోగం చేసే మనిషి గది బయట ఉంటాడు. ఇతను లోపలికి వెళ్ళి కుక్క పక్కన కూర్చున్నాడు. దాని ప్రతిస్పందనలు తిరిగొచ్చాయి. బయటికి వస్తే మళ్ళీ పోయాయి. అలా కూర్చుంటూ, లేస్తూ, మెల్లగా దాన్ని బాగుచేశారు. తర్వాత తలుపు కింద నుంచి కాసిన్ని నీళ్ళు పారిస్తే భయం మళ్ళీ లేచిందట.

ఇవాళ శిక్షకులు చెప్పేదాంట్లో ఈ కూర్చోవడం, లేవడమే సగం. అదే 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె కుందేలుకు భయపడే పిల్లాడికి, వాడు ఇష్టంగా తింటుండగా కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. 1958లో జోసెఫ్ వోల్పీ దాన్ని ఒక పద్ధతిగా రాశాడు. కుక్కకు అదే పద్ధతి: భయం మొదలయ్యే హద్దు లోపలే ఉండాలి. తాళంచెవి తీయడం, చెప్పులు వేసుకోవడం, కానీ వెళ్ళకపోవడం. ఆ తర్వాత తలుపు బయట పది సెకన్లు, ముప్ఫై సెకన్లు, రెండు నిమిషాలు. అది ఏడవకముందే తిరిగి రావాలి. గోల ఎక్కువగా మొదటి అరగంటలోనే మొదలవుతుంది కాబట్టి, ఆ అరగంట దాటించడమే పెద్ద పని. కొరికినందుకు కొడితే భయం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అది చేసింది తప్పు కాదు, భయపడడం. మరీ తీవ్రమైతే వైద్యుడి సలహాతో మందులు. ఇదంతా వారాలు పడుతుంది. ఆ వారాల్లో దాన్ని ఒంటరిగా వదలకూడదు. ఉద్యోగస్తుడికి ఇదే అసాధ్యమైన షరతు.

ఇక్కడే అరుగు గుర్తొస్తుంది. బుడాపెస్ట్ బృందమే 2001లో ఆశ్రయ కేంద్రాల్లోని కుక్కల మీద ఇంకో అధ్యయనం చేసింది. కొత్త మనిషి పది నిమిషాల చొప్పున మూడుసార్లు మాత్రమే గడిపితే, ఆ కుక్కలు అతనితో బంధం పెంచుకోవడం మొదలుపెట్టాయి. అంటే అరగంట. మన ఫ్లోరులో ఎదురింటి రిటైరైన సారుతో, కింద వాచ్‌మన్ భార్యతో మన కుక్కకు ఆ అరగంట పరిచయం మనం చేయించామా? వాళ్ళ పేర్లు మనకు తెలుసా? నాకు తెలిసినవాళ్ళలో చాలామంది కెమెరా కొన్నారు, తలుపు తట్టి పక్కింటివాళ్ళను అడిగినవాళ్ళు తక్కువ.

మన చట్టం కూడా ఈ సంగతిని పట్టించుకుంది. రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల వల్ల వచ్చిన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్‌లో, ఎప్పుడూ గొలుసుతో కట్టేసి గానీ ఇరుకులో బంధించి గానీ ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా క్రూరత్వమే అంటుంది. కొట్టడం ఒక్కటే హింస కాదని 1960లోనే రాసుకున్నాం. కానీ కట్టేసిన గొలుసు కనబడినంత తేలిగ్గా వేసిన తాళం కనబడదు.

కుక్కకు ఒంటరిగా ఉండడం నేర్పొచ్చు, కొంతవరకు. అది మన కోసం 14,000 ఏళ్ళ అలవాటుకు ఎదురు ఈదడానికి ఒప్పుకుంటుంది కూడా. బదులుగా మనం చేయాల్సింది ముప్ఫై ఏళ్ళ అలవాటుకు ఎదురు వెళ్ళి, ఎదురింటి బెల్లు కొట్టడం.